పచ్చికాయ

జనవరి ఒకటి, తెల్లవారుజాము అయిదు.
టోంగ్‌యోంగ్ రేవు మీది మా చిన్న చర్చిలో
బూట్లు పెట్టే అరలు చాలలేదు.
మెట్ల మీద బూట్లు, బూట్ల మీద బూట్లు,
కొత్త కాలెండరు వాసన, అల్లం టీ ఆవిరి.
పాస్టరు గారు తలా ఒక కాగితం పంచారు.
దాని మీద ఉత్త గీతల ద్రాక్షగుత్తి.
ప్రార్థనకి వచ్చిన రోజుకొక ఊదా చుక్క అంటించాలి,
నెల తిరిగేసరికి గుత్తి పండాలి.

ముప్పయ్యొక్క పళ్ళు.
గోడంతా పచ్చికాయల తోట.

నేను లెక్క రాయను. లెక్కే తెలిసిపోతుంది.
ఎన్ని దిళ్ళు పరిచానో, ఎన్ని చల్లగానే మిగిలాయో
సర్దేటప్పుడు చేతికి తెలుస్తుంది.
నాలుగో తారీఖున నలభై మూడు.
పదకొండున పందొమ్మిది.
సముద్రం మీంచి ఆ ఈడ్చికొట్టే గాలి మొదలయ్యాక
ఏడుగురు, అందులో ఒకరు నిద్ర.
తాళ్ళ కొట్టు గూ గారి గుత్తిలో
అయిదు పళ్ళు పండి ఆగిపోయాయి.
ఆయన్నేమీ అనను. నడుము నొప్పి మనిషి.

నా కాగితం మాత్రం ఏ రోజూ తప్పలేదు.
"చాంగ్‌గిల్ తాతని చూసి నేర్చుకోండి" అన్నారు పాస్టరు గారు.
తల వంచుకున్నాను. వినయమనుకున్నారు.
అసలు సంగతేమిటంటే
తాళంచెవి నా దగ్గరుంది.
నేను రాకపోతే ఎవరూ రాలేరు.
మా ఆవిడ పోయిన వసంతం నుంచీ
తాళం తీస్తున్నాను, కిరోసిన్ పొయ్యి వెలిగిస్తున్నాను,
దిళ్ళు దులిపి పరుస్తున్నాను.
కళ్ళు మూసుకుంటే మాత్రం
లోపల పొయ్యి చప్పుడు తప్ప ఏమీ లేదు.
మూడేళ్ళుగా ఇదీ నా భక్తి.
దీనికి ఊదా చుక్కలు.

పద్దెనిమిదో తారీఖున తలుపు పిడి తడిగా తగిలింది.
మంచేమో అనుకున్నాను. మర్నాడూ తడే.
వేళ్ళు వాసన చూసుకున్నాను: ఆల్చిప్పలు.
మూడో రోజు ఇంకా ముందే వచ్చి
ఎదుటి వలల షెడ్డు చాటున నిలబడ్డాను
దొంగని పట్టేవాడిలా.

మూడున్నరకి వచ్చింది మల్‌సూన్.
రబ్బరు బూట్లు, మోచేతుల దాకా
నిన్నటి ఉప్పునీళ్ళు ఆరని గ్లవుజులు.
ఆల్చిప్పలు ఒలిచే పని నాలుగింటికి మొదలు,
కిలోకింతని కూలి.
ప్రార్థన వేళ అయిదు గంటలంటే
ఆమె గడియారంలో అది లేని గంట.
గోడ మీద ఆమె పేరున్న గుత్తిలో
ఒక్క పండూ లేదు.

మూసిన తలుపు ముందు ఆగింది.
పిడి మీద చెయ్యి వేసింది, తియ్యడానికి కాదు,
జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద వేసినట్టు.
పెదాలు కదిలాయి.
ఎంతసేపని, ఒక బస్సు మలుపు తిరిగినంతసేపు.
వెళ్ళిపోయింది.

నా జేబులో తాళంచెవి
వేళ్ళ మధ్య వేడెక్కిపోయి ఉంది.
నా చేతిలో ఇంకా అంత వేడి ఉందని
నాకు తెలీదు.

అప్పటినుంచీ మూడింటికే తీస్తున్నాను.
ఆమెకి చెప్పలేదు, పాస్టరు గారికీ చెప్పలేదు.
మొదటిరోజు పిడి తిరిగేసరికి
ఉలిక్కిపడి వెనక్కి గెంతింది.
రెండోరోజు తొంగిచూసింది.
ఆ తర్వాత బూట్లు విప్పే తీరిక లేక
గుమ్మం లోపలే నిలబడి వెళ్తోంది.
నేను వంటగదిలో కెటిల్ దగ్గర
లేనట్టు ఉంటాను.
నేల మీద రెండు ఉప్పు అడుగులు మిగులుతాయి.
అయిదు లోపల తుడవాలి.

ఇరవై ఆరున తుడుస్తూ తుడుస్తూ ఆగాను.
ఎలాగూ మోకాళ్ళ మీదే ఉన్నాను,
గుడ్డ చేతిలోనే ఉంది,
ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను.
"చలి ఎక్కువగా ఉంది,
ఆవిడ చేతులు కాస్త చూసుకో" అన్నాను.
అంతే వచ్చింది.
మా ఆవిడ పేరు కూడా రాబోయి
గొంతు దగ్గర ఆగింది. రేపు చూద్దాం.

గాలికి తలుపు కొట్టుకుంటుంటే లేచాను.
పొయ్యి వెలిగించాను, దిళ్ళు పరిచాను,
ఆరుగురొచ్చారు, వెళ్ళారు.
గిన్నెలు కడుగుతుంటే గుర్తొచ్చింది,
చుక్క అంటించలేదని.

అలాగే వదిలేశాను.
నా గుత్తిలో ఆ ఒక్కరోజే
పచ్చికాయ.